దీక్షలో నిద్ర

మా ఆయన అప్పట్లో జగిత్యాలలో సర్కారు బడి పంతులు. మా ఇల్లు కోరుట్లలో. తెలంగాణ ఉద్యమం జోరందుకున్నాక ఆయనకు ఇల్లు కాసేపు ఆగి పోయే బస్టాండు అయిపోయింది. పొద్దున కోరుట్లలో ర్యాలీ, బడి అయ్యాక జగిత్యాలలో మీటింగు, అటునుంచి అటే బండి మీద సిరిసిల్లకు. మైకు రాకపోయినా ఆయనకే ఫోను, టెంటు కర్ర విరిగినా ఆయనకే ఫోను. "జర పండుకోరాదు" అంటే, "తెలంగాణ అచ్చినంక కంటినిండ పండుకుంట" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకనాడు పొద్దున్నే సిరిసిల్ల నుంచి వస్తూ, కొండగట్టు దాటాక బండి మీదే కునుకు తీశాడు. బండి పొలంలోకి దూకింది. అప్పుడే నాటేసిన మడి కాబట్టి, బురదలో పడి మోకాలు చీరుకుపోవడంతో సరిపోయింది. ఇంటికి తెచ్చినవాళ్లు "ఏం గాలే వదినా" అన్నారు. నేను కూర్చుని కట్టు కట్టాను. ఆయన మాత్రం ఫోనులో ఎవరికో "అస్తున్న, అస్తున్న" అంటున్నాడు.

"అచ్చిననాడు చూడనీకె నువ్వుండాలె గద!" అని అరిచాను. అరిచాక ఏడుపు ఆగలేదు. ఆయన నా తల నిమిరాడు, బండి తాళం వెతుక్కున్నాడు.

అప్పుడు కోరుట్ల చౌరస్తాలో రిలే నిరాహార దీక్షలు నడుస్తున్నాయి. రోజూ కొందరు పొద్దున దండలు వేసుకుని టెంటులో కూర్చుంటారు. సాయంత్రం నిమ్మరసం తాగించేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. ఆ మాట తట్టగానే కొంగు దోపుకుని టెంటుకు పోయాను. అక్కడి పనులు చూసే పెద్దాయనతో, "బాపూ, రేపటి దీక్షల మా ఆయన పేరు సదువున్రి" అన్నాను.

"సారు కూసుంటె ఉరుకులాట ఎవరు జేస్తరు బిడ్డా?"

"ఆయన పడిపోతె ఎవరు జేస్తరో వాళ్లే జేస్తరు."

పెద్దాయన పేరు రాసుకున్నాడు. మైకులో పేరు చదివాక మా ఆయన కాదనలేకపోయాడు. ఆకలి గురించి నాకు బెంగ లేదు, ఎలాగూ సగం పూటలు తినడం లేదు. కూర్చోవడమే ఆయనకు కొత్త. తెల్లవారుజామునే మా అత్తమ్మ మక్కరవ్వతో గటుక వండి, చల్ల పోసి, దగ్గర కూర్చుని తినిపించింది. దండ పడగానే నేను ఆయన ఫోను లాక్కుని నా సంచిలో వేసుకున్నాను.

టెంటులో మా అత్తమ్మతో పాటు బీడీలు చేసే ఆడవాళ్లు కూడా ఉండేవారు. ఉద్యమం ఉద్యమమే, పని పనే. ఒళ్లో చాటలు పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూనే నినాదాలు ఇచ్చేవారు. కాసేపటికి మా ఆయన తల టెంటు కర్రకు ఆనింది. ఇంకాసేపటికి బంతిపూల దండతోనే చాప మీద ఒరిగిపోయాడు. నోరు తెరిచి గురక.

"మైకు జర తగ్గియ్యున్రి, సారు పండుకున్నడు" అందొకామె. పాట పాడుతున్న అన్న గొంతు తగ్గించాడు. మధ్యాహ్నం ఊరేగింపు వచ్చింది. మా అత్తమ్మ చాట పక్కన పెట్టి, రోడ్డుకు అడ్డంగా నిలబడి, "నా కొడుకు పండుకున్నడు" అంది. వాళ్లు లోపలికి తొంగిచూసి, నినాదాలు ఆపి, పిడికిళ్లు మాత్రం ఎత్తి టెంటు దాటిపోయారు. అది చూసి నవ్వాలో ఏడ్వాలో నాకు తెలియలేదు.

నిమ్మరసం వేళకు లేపితే ఉలిక్కిపడ్డాడు.

"సిరిసిల్ల మీటింగు?"

"అయింది."

"మైకు?"

"అచ్చింది."

"నేను లేకున్నా అయిందా?" ముఖం చిన్నబోయింది. నాకు జాలేసింది. అన్నీ తన భుజాల మీదే ఉన్నాయని ఎంతగా నమ్మాడో పాపం.

"అయింది. నువ్వు లేకుంటె నడువనిది మన ఇల్లొక్కటే" అన్నాను, అందరూ వింటుండగానే. ఆయన గ్లాసుతో పాటు నా చేయి కూడా పట్టుకుని తాగాడు.

ఆ తర్వాత సిరిసిల్ల పనులు సిరిసిల్లవాళ్లకే వదిలాడు. వారానికో రోజు ఇంటిపట్టునే ఉండేవాడు. ఫోను మోగితే, "ఇయ్యాల దీక్షల ఉన్న" అనేవాడు.

తెలంగాణ వచ్చిననాడు కోరుట్ల రోడ్లన్నీ గులాలుతో ఎర్రబడ్డాయి. ఆ రంగు ముఖంతోనే ఇంటికొచ్చి, చాప పరిచి, "ఇగ పండుకుంట" అన్నాడు. ఆయన్ను అలా చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్లూ ఆయన బండి చప్పుడు వినపడేదాకా చెవులు వాకిట్లోనే పెట్టుకుని, నేనూ ఒక్కనాడూ కంటినిండా నిద్రపోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"జరుగు" అన్నాను. "నేను గూడ పండుకోవాలె."