రాయమల్లు కోయని దారం

మందమర్రి చుట్టుపక్కల నీళ్లు నిండిన పాత బొగ్గు గుంతల్లో మోటారు మునిగితే, తీయడానికి రాయమల్లునే పిలిచేవాళ్లు. ఆ నీళ్లు చల్లన, పైగా విషమంత మురికి. ఒంటికి తడి తగలనివ్వని రబ్బరు సూటు వేసుకుని దిగాలి. "సూట్లకు నీళ్లొస్తే పరేషాన్ గావొద్దు, గాలి నింపొద్దు. గాలి కాళ్లల్లకు పోయి తలకిందులైతరు. మీదికెగిరినా ఊపిరి బిగవట్టొద్దు, తిత్తులు పల్గుతయ్" అని దిగే ప్రతివాడి చెవిలో జోరీగలా పోరేవాడు.

మణికట్టు దగ్గరి రబ్బరు పట్టీ కింద దారం పోగున్నా చాలు, నీళ్లు దారి చేసుకుంటాయి. అందుకని జాతర కంకణమైనా, దర్గా తాయత్తయినా కత్తెరతో కోసేవాడు. "దేవుడు కోపం జేస్తె నా మీద జెయ్యుమను" అనేవాడు.

అంత మొండివాడు, పోయినేడు రాఖీ పున్నం మర్నాడు చెల్లెలు దుర్గవ్వ కట్టిన రాఖీని కోయలేకపోయాడు. తల్లి పోయాక తాను చంకనెత్తుకుని పెంచిన పిల్ల. దారాన్ని మోచేతి వైపు జరిపి సూటు తొడుక్కున్నాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

జతగా దిగింది దుర్గవ్వ ఒక్కగానొక్క కొడుకు సంపత్. అరవై అడుగుల లోతులో దారం మణికట్టు పట్టీ కిందికి జారింది. చల్లని నీళ్లు చెయ్యంతా పాకి ఛాతీకెక్కాయి. అందరికీ వద్దని చెప్పిన పనే రాయమల్లు చేశాడు. భయంతో సూటులోకి గాలి నింపే మీట నొక్కాడు. కాళ్లు ఉబ్బి, తలకిందులుగా పైకి లేచాడు. సంపత్ ఈదొచ్చి మామ కాలు పట్టుకుని, సూటులోకి గాలి పోయే గొట్టం ఊడబీకాడు. అప్పటికే ఇద్దరూ పైకి కొట్టుకుపోతున్నారు. రాయమల్లు అలవాటుగా ఊపిరి వదులుతూ వచ్చాడు. ఆ పెనుగులాటలో సంపత్ ఊపిరి బిగబట్టాడు. ఒడ్డున నెత్తురు కక్కుకుని, అంబులెన్సు వచ్చేలోపే పోయాడు.

దారం సంగతి రాయమల్లు ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. ఈ ఏడు దుర్గవ్వ మళ్లీ రాఖీ తెచ్చింది. "కొడుకెట్లాగు లేకపాయె, అన్నవు నువ్వన్న సల్లగుండాలె" అంది. చెయ్యి చాపలేకపోయాడు. చేతికున్న దారం కోసుకోకపోవడం వల్లే అంతా జరిగిందని చెప్పేశాడు.

దుర్గవ్వ ముఖం పాలిపోయింది. "గది నేను గట్టిన రాఖీయేనా అన్నా?"

రాయమల్లు తల అడ్డంగా ఊపాడు.

"కాదు చెల్లె. నీది ముందే తీసి జేబుల ఏసుకున్న. జాతర దారమొకటుండె. యాది మరిచిన."

"మందియి కోసెటోనివి, నీది మరిచినవా? నా కొడుకును నువ్వే సంపుకున్నవ్!"

దుర్గవ్వ రాఖీని నేలకు కొట్టి వెళ్లిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు. రాయమల్లు కూడా పిలవలేదు. ఆ కోపం తన మీద ఉన్నన్నాళ్లే చెల్లెలు బతుకుతుందని అతనికి తెలుసు.