గొడుగు కట్టు

బయ్యారం నుంచి మహబూబాబాద్ వెళ్లే బస్సులో నిలబడి ఉన్నాను. డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు వేయడంతో కిందపడ్డాను. ముంజేయి విరిగింది.

పక్క సీటులోని పెద్దావిడ నన్ను లేపి కూర్చోబెట్టింది. చేతిని గుంజలేదు. వంకరగా ఉన్నదాన్ని ఉన్నట్టే తన మడత గొడుగుకు ఆనించి, తువ్వాలు చింపి కట్టింది. కట్టు కింద వేలు దూరుతుందో లేదో చూసుకుంది. ఆ తర్వాత నా వేళ్లు వదల్లేదు.

"సల్లగైతున్నయా కొడుకా? తిమ్మిరెక్కుతున్నదా?"

రెండు నిమిషాలకోసారి అదే ప్రశ్న. నొప్పిలో విసుగొచ్చింది. "ఎన్నిసార్లు అడుగుతవ్ అవ్వా!" అని కసిరాను.

ఆమె నొచ్చుకోలేదు.

"నా బిడ్డ చెయ్యి ఇరిగితే నేనే కట్టిన. గట్టిగ కడితె జల్దీ అతుకుతదనుకున్న. 'అవ్వా, ఏళ్లు తిమ్మిరైతున్నయ్' అన్నది. 'జర ఓర్సుకో' అన్న. రెండు దినాలు గట్లనే అన్న. దవాఖానకు తీస్కపోయేసరికి ఏళ్లు నల్లగైనయ్. చెయ్యి తీసేసిన్రు."

ఇంతలో కండక్టరు అరిచాడు. "అవ్వా, నీ ఊరొచ్చింది, దిగు!"

"పోనియ్ బిడ్డా" అంది, లేవకుండానే.

అక్కణ్ణుంచి మహబూబాబాద్ దాకా ఆమె అడగకముందే నేనే చెబుతూ వచ్చాను. "ఎచ్చగనే ఉన్నయ్ అవ్వా."

ప్రతిసారీ తలూపేది. అయినా పట్టుకుని చూసుకునేది.