సీతారామారావుగారు పట్టిన సీటు

ఖాళీ కుర్చీ కనిపిస్తే దాని మీద టిష్యూ ప్యాకెట్ పెట్టకుండా ముందుకు కదల్లేని మనిషి మా సీతారామారావుగారు. మనవైపు బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టే విద్య ఒకటుందే, అదే సింగపూర్ వచ్చి టిష్యూ ప్యాకెట్ అయింది. ఇక్కడ దాన్ని చోప్ చెయ్యడం అంటారు. తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్లో బల్ల మీద ప్యాకెట్ పడేసి నిశ్చింతగా వెళ్ళి తిండి తెచ్చుకోవచ్చు. ఆ బల్ల జోలికి ఎవరూ రారు. అయితే లోకమంతా తమకోసం చోప్ చేసుకుంటారు, ఈయన లోకం కోసం చేసేవారు.

ఆంగ్ మో కియోలో మా పై అంతస్తే ఆయనది. ఉగాది భోజనాలకి అందరికన్నా ముందు వెళ్ళి వరసంతా ప్యాకెట్లు పరిచేవారు. ఎవరికండీ ఇన్ని అంటే, ఎవరో ఒకరు వస్తారుగా అనేవారు. ఆయనకి జలుబు చేసినా జేబురుమాలే గతి. ఒకసారి తుమ్ములతో సతమతమవుతుంటే, అంకుల్, చేతిలో ప్యాకెట్ ఉందిగా అన్నాను.

"విప్పకూడదబ్బాయ్. విప్పితే టిష్యూ. విప్పకపోతే కుర్చీ."

ఇంత ఉపకారికి ఇంట్లో పేరు రాలేదు. ఆయన భార్య సత్యవాణిగారి కష్టం కూడా నేను విన్నాను. వినడం నాకు అలవాటు, చెప్పుకోవడం వాళ్ళకి అవసరం. ఎక్కడికెళ్ళినా ఈయన సీట్లు పట్టడంలో ఉంటే ఆవిడ ఇద్దరి తిండికీ క్యూలో నిలబడేది. పళ్ళేలు పట్టుకుని వచ్చేసరికి ఆవిడ కుర్చీలో ఎవరో ముసలాయన. "పెద్దాయన కదే, ఇంకోటి చూస్తానుండు" అని ఈయన మళ్ళీ బయల్దేరేవారు. సంసారమంతా ఆవిడ నిలబడే తింది.

చివరికి విడాకులకి వెళ్ళింది. కోర్టు వరండాలో కుర్చీలు తక్కువ. మా సీతారామారావుగారు ముందే వెళ్ళి ఆవిడ లాయరుగారికి సీటు పట్టి ఉంచారు. లాయరు కూర్చున్నాడు. ఆవిడ నిలబడింది. జడ్జిగారు ఇది చూసి ఉంటే కేసు ఆ వరండాలోనే తేలిపోయేది.

తర్వాత ఆవిడ బూన్ లేలో ఒక గది అద్దెకి తీసుకుని, సూపర్‌మార్కెట్లో క్యాషియరుగా చేరింది. అదీ నిలబడే ఉద్యోగమే. మోకాళ్ళు అరిగిపోయాయని, ఆపరేషన్ చేయించుకుంటే నెలల తరబడి పని మానాలని, మానితే గది ఖాళీ చెయ్యాలని చెప్పేది.

కిందటేడు ఆయన పోయారు. గుండె నొప్పని తనే ఆసుపత్రికి నడిచి వెళ్ళి, డాక్టరు పిలిచేలోపే కుర్చీలో ఒరిగిపోయారు. నేను వెళ్ళేసరికి పక్క కుర్చీలో ప్యాకెట్ ఉంది. ఎవరికో.

అప్పుడు బయటపడింది. జీవిత బీమాలో నామినీ పేరు ఇంకా సత్యవాణిగారిదే.

పిల్లలు లేరు కాబట్టి ఆయన తమ్ముడు బాలు కాకినాడ నుంచి దిగాడు. వారసుల సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించి మరీ తెచ్చాడు. మనవైపు నామినీ అంటే సొమ్ము తెచ్చి వారసులకి అప్పగించే కాపలామనిషని అతని నమ్మకం. కంపెనీ వాళ్ళు ఆ సర్టిఫికెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, చాలా బాగుందని మెచ్చుకుని, తిరిగి ఇచ్చేశారు. ఇక్కడ పేరున్న మనిషిదే సొమ్ము. విడాకులు అయినంతమాత్రాన పేరు పోదు, రాసినవాడే కొట్టెయ్యాలి. ఆయన కొట్టెయ్యలేదు.

విడాకులైన నాటినుంచి 'ఆవిడ' అన్న బాలు, ఆ సాయంత్రమే మళ్ళీ 'వదిన' అన్నాడు. అన్నయ్యకి మతిమరుపు, మార్చడం మర్చిపోయాడు, మీలాంటి అభిమానవంతులు ఆ సొమ్ము ముట్టుకుంటారా అని రోజూ ఫోన్లు. ఆవిడ ఒప్పుకుంది. నేను వద్దన్నాను. వినలేదు.

"మర్చిపోయి ఇచ్చింది నాకెందుకు? గుర్తుపెట్టుకుని ఒక్క కుర్చీ ఇవ్వలేదు ఆ మనిషి" అంది.

అలా అందరం మా బ్లాకు దగ్గరి హాకర్ సెంటర్లో కూర్చున్నాం. వచ్చిన సొమ్మంతా మరిదికి ఇచ్చేస్తున్నట్టు కాగితం బల్ల మీద ఉంది. బీమా ఏజెంటు అనిల్‌కుమార్‌ని సాక్షి సంతకానికి పిలిచాడు బాలు. పిలవకుండా ఉంటే ఈపాటికి కాకినాడలో మేడ లేచేది.

అనిల్‌కుమార్ టీ తెచ్చుకుని కూర్చుని, ఏమిటిది అన్నాడు. అన్నయ్య మతిమరుపు సంగతి బాలు మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. సత్యవాణిగారు పెన్ను తీసింది.

"మర్చిపోవడమా?" అన్నాడు అనిల్‌కుమార్. "ఏడాదికోసారి ఇక్కడే కూర్చుని అడిగేవాణ్ణండీ. అంకుల్, నామినీ పేరు మార్చేద్దామా అని. ఫారం ముందు పెడితే, జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి దాని మీద పెట్టేవారు. చోప్ అయిపోయిందయ్యా, వేరే బల్ల చూసుకో అనేవారు."

బాలు నవ్వబోయాడు, కుదరలేదు.

"మీ పేరు కూడా అడిగాను సార్. తమ్ముడిగారి పేరు రాద్దామా అని. వాడికేంటయ్యా, నిండు బస్సులోనైనా సీటు సంపాదిస్తాడు అన్నారు."

 సత్యవాణిగారు అన్న మాట తీపిగా లేదు.

"పక్కన కూర్చోమంటే ఒక్కనాడూ కూర్చోలేదు. చచ్చిపోయి సీటు పట్టాడు."

అంటూనే నా వైపు చెయ్యి చాచింది. ఆసుపత్రి కుర్చీలోని ప్యాకెట్ నా జేబులోనే తిరుగుతోందని ఆవిడకి తెలుసు. ఇచ్చాను. కళ్ళు తుడుచుకుంటుందేమో అనుకున్నాను. విప్పలేదు. బాలు కాగితం మీద పెట్టింది.

"గాలికి ఎగరకుండానా వదినా?" అన్నాడు పాపం, ఆశ చావక.

ఆవిడ పెన్ను మూత పెట్టేసి, కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుంది. దోశల కొట్టు ముందు క్యూ మలుపు తిరిగి ఉంది.

"వదిన అన్నావుగా. వెళ్ళి ఆ క్యూలో నిలబడు బాలూ. నాకు మసాలా దోశ. నేను కూర్చుంటాను."

బాలు వెళ్ళి నిలబడ్డాడు.