సూటిగా చూడబాక

మిగతా పడవలన్నీ జువ్వలదిన్నె రేవుకు చేరి, మా ఆయన పడవ ఒక్కటే రాలేదని తెలిసి రాత్రిపూట ఒడ్డుకు పరుగెత్తాను. ఒడ్డున అందరూ సముద్రం మీదికి టార్చిలు వేస్తున్నారు.

నాకు మా ఫిజిక్స్ మేడం గుర్తొచ్చింది. కాలేజీ మిద్దె మీద లైట్లన్నీ ఆర్పించి, ఓరియన్ అనే నక్షత్రమండలంలో వేటగాడి నడుము కింద నక్షత్రాలు పుడుతున్న నీహారికను ఒకసారి టెలిస్కోపులో చూపించింది.

"ఫోటోలో ఎర్రగా ఉంది కదా మేడం, ఇదేంది బూడిద మరక?" అన్నాను.

"ఆ ఎరుపు హైడ్రోజన్‌ది. కెమెరా గంటసేపు రెప్పేయకుండా చూసి పట్టుకుంటది. నీకు నిమిషం ఓపిక లేదే! సూటిగా చూడబాకమ్మా, రవ్వంత పక్కకు చూడు. చీకట్లో మసక వెలుగు కంటి నడిమికన్నా పక్కచూపుకే బాగా అందుతది," అంటూ చూపుడువేలు పక్కకు వంచింది. అలా చూస్తే మరక రెక్కలు చాచింది.

"టార్చిలు ఆర్పండన్నా!" అని ఒడ్డున ఉన్నవాళ్ళ వైపు అరిచాను.

"ఉన్న వెలుగూ తీసేస్తే ఎట్ట కనపడతాదమ్మా?" అన్నాడొకాయన.

"ముందు ఆర్పండి!"

చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా కదలలేదు. అప్పుడు చూపు కాస్త పక్కకు జరిపాను. దక్షిణాన సన్నటి వెలుగు చుక్క కనిపించింది. నేను చూపిన దిక్కుకు ఇంకో పడవలో పోయి, ఇంజను ఆగిపోయిన మా పడవను తాడు కట్టి లాక్కొచ్చారు.

పొద్దున పిల్లలు, "నాయన్ను ఎవరు కనిపెట్టినారు?" అని అడిగారు.

"మా మేడం," అన్నాను. "రాత్రికి మిద్దె ఎక్కుదాం. నక్షత్రాలు పుట్టే చోటు చూపిస్తా. సూటిగా మాత్రం చూడబాకండి."