ఎవర్నడిగి కూర్చున్నారు?

మా మేనత్త పోయింది. మిరపకాయలు కళ్లానికి చేరిన వారంలోనే, తెల్లవారుజామున అక్కడే చాప మీద కూర్చున్న మనిషి తల కొంచెం వాల్చింది, అంతే. పడుకోబెట్టి పాడె కట్టమన్నారు ఊరి పెద్దలు. కుదరదన్నాను. తనను కూర్చోబెట్టే సమాధి చెయ్యమని ఆమె అడిగిన మాట నాకూ తెలుసు, మా నాన్నకూ తెలుసు.

చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. ఆరబోసిన కాయలకు కాపలా ఆమెదే. ఆ ఘాటుకు మేమంతా దగ్గుతూ ఉంటే, కళ్లం నడుమ ఈతాకు చాప వేసుకుని, వెన్ను నిటారుగా పెట్టి ఊపిరి పీల్చేది. తత్వాలు పాడుకుంటూ వచ్చిన ఒక జోగి ఆ యోగం నేర్పాడట. బడి మానేసి కాలుగాలిన పిల్లిలా తిరిగే నన్నూ రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఇక్కడెట్టా కూచునేది అత్తా? ముక్కు మండిపోతంది!"

"హిమాలయాల్లో మునులకి ముక్కు కారలేదంట్రా? కూచో!"

నా కాలు నిలిచింది ఆ చాప మీదే.

రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ చెప్పేది. యోగం ఒక్కరోజులో పుట్టింది కాదట. యజ్ఞాలు చేసేవాళ్లలోనే కొందరు బయటి మంట వదిలేసి, ఊపిరినే హోమం చేసుకున్నారట. ఇంద్రియాలు గుర్రాలు, మనసు కళ్లెం అన్నారట. తర్వాతెప్పుడో ఒక ముని దాన్ని ఎనిమిది మెట్లుగా కూర్చాడట. ఆ పైన సిద్ధులొచ్చి, ఒళ్లే గుడి అని, కులం అడక్కుండా నేర్పారట. వాళ్ల మాటలే పాటలై, జోగి నోట మా కళ్లం దాకా వచ్చాయి.

ఓసారి అటుగా పోతున్న పంతులుగారు ఆగారు. "ఆడమనిషివి, నీకెందుకమ్మా ఇవన్నీ? శాస్త్రం ఒప్పదు."

అత్త లేవలేదు. "మొట్టమొదట కూచున్నాయన ఎవర్నడిగి కూచున్నాడండీ?"

ఆయన తుమ్ముకుంటూ వెళ్లిపోయారు.

ఆమె పోయిన రోజూ పెద్దలది అదే పాట. "సమాధి సన్నాసులకిరా. మీ అత్తేమన్నా కాషాయం కట్టిందా?"

"కట్టలా. కూచుంది. మీలో ఒక్కరు ఈ ఘాటులో ఆమెలాగా కూచోండి, పాడె నేనే కడతా. స్వరాజ్యం వచ్చి ఇన్నేళ్లయినా కూచోడానికి కూడా మిమ్మల్నడగాలా?"

ఎవరూ కూర్చోలేదు. శ్మశానంలో మాత్రం గుంట తవ్వనివ్వం అన్నారు. మా నాన్న తలగుడ్డ బిగించి లేచాడు.

"కళ్లం నాదేగా. ఒరేయ్, పలుగు తీసుకురా."

కాయలు పక్కకు నెట్టి, ఆమె చాప వేసిన చోటే తవ్వాం. వెన్ను వంగకుండా కూర్చోబెట్టి, ఉప్పూ విభూతీ పోసి మట్టి కప్పాం.

కళ్లంలో సమాధేంట్రా, మీ కాయలెవడు కొంటాడని ఇంకా అంటూనే ఉన్నారు. అననివ్వండి. మర్నాడే కాయలు మళ్లీ పరిచాం. ఆ ఎరుపు నడుమ చాపంత చోటు వదిలేశాం. ఎండ ఎక్కేకొద్దీ ఘాటు లేస్తుంది. దారినపోయేవాళ్లు తుమ్ముతారు. కాయలు తిరగేసేవాళ్లు ఆ చోటు దాకా వచ్చి, చుట్టూ తిరిగి పోతారు.