రెండోసారి చదవలేని మాట

యుద్ధం నడుస్తూ నూలు దొరకని రోజులవి. గద్వాల స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నాను. నేతగాళ్లంతా కలిసి నూలు కొనుక్కునేలా సంఘం పెట్టాం. కొన్ని ఇళ్లవాళ్లు అది వదిలి మళ్లీ సావుకారుకే నేస్తున్నారు. వాళ్ల గడప నేనెన్నడూ తొక్కలేదు కానీ, వాళ్లమీద కరపత్రం రాసి అచ్చుకు తీసుకెళ్తున్నాను.

రాసింది చదువురానివాళ్లకు వినిపించి చూసుకోవడం మా అలవాటు. పక్కనున్న ముసలాయనకు చదివాను. "సావుకారు కాళ్లు నాకే కుక్కలు" అన్నచోట గొంతు పెంచాను.

ఆయన మూట విప్పి, జొన్నరొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టాడు. నేను తినడం అయ్యాక అన్నాడు:

"నెల దినాలు నా మగ్గం ఊకెనే ఉండె నాయినా. సంఘపోల్లు ఒక్కలు గూడ అడగనీకి రాలె. సావుకారు నూలిచ్చిండు, పోయిన. మల్ల మీ దిక్కే రావాల్నని ఉన్నది. గా కుక్కల మాట జర ఇంకోసారి సదువు."

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ కరపత్రం అచ్చు కాలేదు. ఇప్పటికీ ఎవరినైనా తిడుతూ రాస్తే, వాళ్ల రొట్టె తిన్నాక చదవగలనా అని చూసుకుంటాను. చాలాసార్లు చదవలేను.