సీటు దావత్‌ల బుద్ధి మాటలు

తాగుడు గురించి కొడుక్కు బుద్ధులు చెప్పాలంటే తండ్రి ముందుగాల చేతిల గ్లాసు కింద పెట్టాలె. గింత చిన్న ముచ్చట చిక్కడపల్లి విద్యాసాగర్ బుర్రకు ఎక్కలే. నారాయణగూడల కరెంటు సామాన్ల దుకాణం ఆయనది. దుకాణంల ఎంత తెలివో, ఇంట్ల అంత మొద్దు.

కొడుకు సృజన్‌కు వరంగల్‌ల ఇంజనీరింగ్ సీటొచ్చింది. తల్లి అరుంధతికి సంబురం కన్నా బుగులే ఎక్కువైంది. హాస్టళ్ళల్ల మందు, గంజాయి ఎట్ల దొరుకుతున్నయో పేపర్ల సదువుతనే ఉన్నది మరి. పోయే ముందు తండ్రి పోరనితోని మనసిప్పి మాట్లాడాలె, వాడు గూడ దాచకుండ చెప్పుకోవాలె. ఆమె కోరిక గంతే. మొగన్ని పట్టుబట్టి అడిగింది. ఐతారం దావత్ పెడుతున్న గద, బావ గూడ వస్తడు, ఇద్దరం కలిసి చెప్తం, నువ్వు పరేషాన్ గాకు అన్నడాయన.

సీటొస్తే దావత్. దావత్ అంటే మందు. మందు జోలికి పోవద్దని చెప్పుడు గూడ మందు ముంగటనేనట. ఛీ, దీన్ని ఏమనాలె?

ఐతారం పగటీలి మేడ మీద చాప పరిచిన్రు. విద్యాసాగర్ అక్క పెనిమిటి కృష్ణయ్య సీసలు పట్టుకొనే వచ్చిండు. అరుంధతి కింద చెమటలు కక్కుకుంట తాగెటోళ్ళ నోటికి మేక కార్జం ఏంచింది.

పళ్ళెం పట్టుకొని పైకి పోయేసరికి పోరని చేతిల గ్లాసున్నది. తాగే ముందు అమ్మవారి పేరు మీద నేల మీద నాలుగు చుక్కలు ఒంపుతరు, దాన్నే సాక అంటరు. సీటు నీది, సాక గూడ నీ చేతుల మీదనే పడాలె అల్లుడా అని కృష్ణయ్య ముద్దుగ చెప్తున్నడు. సృజన్ నాలుగు చుక్కలు ఒంపిండు.

"మిగిలింది తాగు. మా ముంగట తాగితే తప్పు గాదు. బయట మాత్రం ముట్టొద్దు," అన్నడు కృష్ణయ్య.

విద్యాసాగర్ తలకాయ ఊపిండు. ఆయన మాట అప్పటికే ముద్దముద్దగ వస్తున్నది. గంజాయి తాగెటోడు మనిషే గాదట, తన కొడుకు ముట్టిండని తెలిస్తే కాళ్ళిరగ్గొట్టి మూల కూసోబెడ్తడట. చెప్పుకుంట చెప్పుకుంట గ్లాసు అంగి మీద ఒంపుకున్నడు. నేలకు సాక, అంగికి సాక, కొడుక్కు శ్రీరంగనీతులు. థూ!

సృజన్ ఒక గుక్క మింగి మొఖం వంకర పెట్టిండు. పెద్దోళ్ళిద్దరు పకపక నవ్విన్రు. అరుంధతికి ఒళ్ళు మండింది. పళ్ళెం ఆడ్నే పడేసి, గ్లాసు గుంజుకొని పిట్టగోడ పక్కన పారబోసింది. ఆడిదానికి ఇంత పొగరు పనికిరాదని కృష్ణయ్య గొణుగుతనే ఉన్నడు. ఆమె వెనక్కు తిరిగి చూడలే. కొడుకును రెక్క పట్టి కిందికి తోలుకొచ్చింది.

వంటింట్ల కూసోబెట్టి, తిట్టను, కొట్టను, ఏం జరిగినా నాకు చెప్పు అన్నది. సృజన్ ఒక్కొక్కటే చెప్పుకొచ్చిండు. మందు ఇదే మొదలట. గంజాయి మాత్రం అశోక్‌నగర్‌ల దోస్తుల రూముల పీల్చిండట. గుండె దడదడ కొట్టుకొని సచ్చిపోతనేమో అనిపించిందట. ఆ ఇద్దరు దోస్తులకు గూడ అదే కాలేజీల సీట్లొచ్చినయ్. వీనితోని కలిపి ముగ్గురు హాస్టల్‌ల ఒకటే రూము అడిగిన్రు.

అరుంధతికి పోరని మీద కోపం రావాలె. కానీ పైన ఇంకా నవ్వుతున్నోళ్ళ మీద పుట్టిన రోత ముంగట ఆ కోపం నిలవలే.

"వాళ్ళతోని ఉండబుద్ధి అయితలేదమ్మా. రూము మార్పియ్యమని నాన్నకు చెప్పిన."

"నాన్నకు చెప్పినవా? ఎప్పుడు?"

"మొన్న రాత్రి, తాగి వచ్చినంక. గంజాయి సంగతి గూడ చెప్పిన. నాన్న నన్ను పట్టుకొని ఏడ్చిండు. నేనున్న బిడ్డా, నేను చూసుకుంట అన్నడు." సృజన్ మూతి తుడుచుకున్నడు. "తెల్లారి ఆయనకు ఏదీ యాదికి లేదమ్మా. ఇప్పుడు కాళ్ళిరగ్గొడ్త అంటున్నడు."